సత్ప్రసాదం క్యాథలిక్కులకేనా? ఐక్యత ముందా, బల్ల ముందా?

చివరి బెంచీ:
నేను లూథరన్, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖ. మావారు క్యాథలిక్. పెళ్లయి పదకొండేళ్లు. ఆదివారం పూజకి ఇద్దరం కలిసే వెళ్తాం. పాటలు కలిసి పాడతాం, పరలోక ప్రార్థన కలిసి చెప్తాం. సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా గురువు పంచే అప్పం) వేళకి ఆయన లేచి వరసలోకి వెళ్తారు. నేను మోకాళ్లు పక్కకి జరిపి దారి ఇస్తాను. మా పెద్దమ్మాయి ఈమధ్యే మొదటి సత్ప్రసాదం తీసుకుంది. అప్పట్నుంచీ ప్రతివారం ఒకటే ప్రశ్న, "నువ్వెందుకు రావమ్మా?"

నా బాప్తిస్మాన్ని క్యాథలిక్ సభ ఒప్పుకుంటుంది. మళ్లీ తీసుకోమని ఎవరూ అనలేదు. మా పెళ్లిని కూడా సంస్కారంగానే, అంటే బాప్తిస్మం, సత్ప్రసాదం లాంటి పవిత్ర కార్యంగానే ఒప్పుకుంది. పైగా వివాహ సంస్కారాన్ని గురువు ఇవ్వరు, భార్యాభర్తలే ఒకరికొకరు ఇచ్చుకుంటారని పెళ్లికి ముందు తరగతుల్లో మాకు చెప్పారు. అంటే మావారికి ఒక సంస్కారం నా చేతుల మీదుగానే అందింది. అలాంటిదాన్ని ఇంకో సంస్కారం దగ్గర బయటిదాన్ని ఎలా అయ్యాను? అందరూ ఒక్కటిగా ఉండాలని ప్రభువు ప్రార్థించింది కడరాత్రి భోజనం వేళే కదా. ఆ బల్ల దగ్గరే విడిపోతున్నాం. ఇది తప్పని నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఉపదేశి:
సిస్టర్, మీ బాధ అర్థమైంది. కానీ వాదనకి నేను ఒప్పుకోను.

గురువు "క్రీస్తు శరీరం" అంటే మనం "ఆమెన్" అంటాం. ఆ ఆమెన్ చేతిలో ఉన్న అప్పానికి మాత్రమే కాదు. అంతకు కొన్ని నిమిషాల ముందే ప్రార్థనలో పోపుగారి పేరు, బిషప్ గారి పేరు చెప్పి వారితో కలిసి ఈ బలి అర్పిస్తున్నాం అన్నాం. దానికీ కలిపే ఆ ఆమెన్. మీరు ఆదివారం ఆ మాట అని, సోమవారం "పోపుగారితో నాకు సంబంధం లేదు" అంటే ఆ రెండింటిలో ఒకటి నిజం కాదు. సత్ప్రసాదం ఇవ్వకపోవడం మిమ్మల్ని తక్కువ చేయడం కాదు, మీతో అబద్ధం చెప్పించకపోవడం.

ఇది నిన్నమొన్నటి కట్టడి కూడా కాదు. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమా చక్రవర్తికి క్రైస్తవుల ఆరాధన గురించి వివరిస్తూ, మా బోధ నిజమని నమ్మి, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, క్రీస్తు చెప్పినట్టు బతికేవాళ్లకి తప్ప ఈ ఆహారం మేం ఎవరికీ ఇవ్వం అని రాశాడు.

ఎండుటాకు:
బల్ల దగ్గర గొడవ క్యాథలిక్కులదొక్కటే అనుకోకండి. 1529లో జర్మనీలోని మార్బుర్గ్ అనే ఊళ్లో, పోపుని కాదన్న ఇద్దరు సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కూర్చుని మాట్లాడుకున్నారు. 15 అంశాల్లో 14 కుదిరాయి. కుదరనిది ఇదే, రొట్టెలో క్రీస్తు నిజంగా ఉన్నాడా లేదా. "ఇది నా శరీరము" అన్న మాటని లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసి ఉంచాడంటారు. పోపు లేని చోట కూడా బల్ల రెండైంది!

వాళ్ల వారసులు ఐరోపాలో మళ్లీ ఒక బల్ల దగ్గరికి వచ్చింది 1973లో, లాయెన్‌బెర్గ్ ఒప్పందంతో. లెక్కేస్తే 444 ఏళ్లు. అయితే అది నూటికి నూరుపాళ్లు ఏకాభిప్రాయం కుదిరాక జరగలేదు. సువార్త అంటే ఏమిటో ఒప్పుకుని, ఒకరినొకరు తప్పుబట్టిన పాత ఖండనలు ఇప్పటి బోధకి తగలవని తేల్చుకుని బల్ల తెరిచారు. కాబట్టి ఈ ముక్క ఉపదేశి గారికీ పనికొస్తుంది, చివరి బెంచీ గారికీ పనికొస్తుంది. ఎవరిక్కావలసిన సగం వాళ్లు తీసుకోండి :)

తూర్పు కిటికీ:
నేను ఆర్థడాక్స్. ఉపదేశి గారు పోపు పేరు దగ్గర ఆగారు కాబట్టి ఒక చిక్కుప్రశ్న. 1983 తిరుసభ చట్టంలో (క్యాథలిక్ సభ నియమావళిలో) 844వ నిబంధన మూడో భాగం చదవండి. ఆర్థడాక్స్ వాళ్లు తమంతట తాము అడిగి, తగిన మనస్థితిలో ఉంటే క్యాథలిక్ గురువు వాళ్లకి సత్ప్రసాదం ఇవ్వవచ్చు. మేం పోపు సర్వాధికారాన్ని, తూర్పు పడమర సభలు విడిపోయిన 1054కి ముందూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోం. మరి మా ఆమెన్ అబద్ధం కాదా?

మా సభ మాత్రం దీనికి సరే అనదు. మీరు తలుపు తీసినా మేం రాం. సంపూర్ణ ఐక్యత లేకుండా ఒకే పాత్రలోంచి తాగడం మాకు అర్థం లేని పని. నియమం విషయంలో నేను ఉపదేశి గారి వైపే. ఆయన చెప్పిన కారణంతోనే పేచీ.

ఉపదేశి:
దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. పోపు పేరు ఒక్కటే కొలబద్ద కాదు. అసలు తేడా గురుపట్టంలో, అంటే గురువుని గురువుగా చేసే అభిషేకంలో ఉంది. అపొస్తలుల నుంచి బిషప్పుల పరంపర మీకు తెగలేదని, కాబట్టి మీ సంస్కారాలు నిజమైనవేనని మా సభ నమ్మకం. 16వ శతాబ్దంలో వేరైన సంఘాల్లో ఆ పరంపర లేదని, అందువల్ల సత్ప్రసాద మర్మం అక్కడ సంపూర్ణంగా నిలవలేదని క్యాథలిక్ బిషప్పులందరూ కూడిన 2వ వాటికన్ మహాసభ 1964లో ఇచ్చిన ఐక్యతా పత్రం చెబుతుంది. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సభ) గురుపట్టాలు చెల్లవని 13వ లియో పోపు అంతకుముందే, 1896లో తేల్చారు.

చివరి బెంచీ:
అది మా పాస్టరు గారి పట్టం సంగతి. నేను అడుగుతున్నది మా పాస్టరు ఇచ్చే రొట్టె గురించి కాదు, మీ గురువు ఇచ్చే దాని గురించి. మీ గురువు పట్టం చెల్లుతుంది కదా! నాకు కావలసిన అర్హత బాప్తిస్మం, విశ్వాసం. ఆ రొట్టెలో క్రీస్తు నిజంగా ఉన్నాడని చిన్నప్పట్నుంచీ నమ్ముతున్నాను. మార్బుర్గ్‌లో సుద్దముక్క పట్టుకున్నది మావాడేనండీ.

ఇంకో మాట. అదే 844 నాలుగో భాగం నేనూ చదివాను. చావుబతుకుల్లో ఉంటే నాలాంటివాళ్లకి కూడా ఇస్తారట. ఆదివారం పనికిరానిదాన్ని ఐసీయూలో ఎలా పనికొస్తాను?

రెండో వరస:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను పుట్టు క్యాథలిక్‌ని. మొదటి పెళ్లి విడాకులైంది. అది చెల్లదని సభ తీర్పు రాకుండానే రెండోది చేసుకున్నాను. ఆరేళ్లుగా నేనూ బెంచీలోనే కూర్చుంటున్నా. అందరూ అనుకునేట్టు క్యాథలిక్ కార్డు ఉంటే చాలు అన్నది నిజం కాదు. అంతే, వాదన కొనసాగించండి.

ఉపదేశి:
రెండో వరస గారు చెప్పింది ముఖ్యం. ఘోరపాపం చేసినట్టు మనసుకి తెలిసి పాపసంకీర్తనం చేయనివాళ్లు (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోనివాళ్లు) తీసుకోకూడదని అదే చట్టంలో 916వ నిబంధన అంటుంది. అంతెందుకు, సత్ప్రసాదానికి ముందు గంటలోపు టిఫిన్ తిన్నా ఆ పూజలో ఆగాల్సిందే. పనికిరావడం, పనికిరాకపోవడం అన్న మాట ఇక్కడ వాడకండి సిస్టర్.

ఇక ఐసీయూ. నాలుగో భాగం ప్రాణాపాయంతో ఆగలేదు. బిషప్ లేదా బిషప్పుల మండలి దృష్టిలో "ఇతర తీవ్ర అవసరం" ఉన్నా చాలంటుంది. దానికి తోడు సొంత సంఘం పాస్టరు అందుబాటులో ఉండకూడదు, మీరే అడగాలి, ఈ సంస్కారం విషయంలో క్యాథలిక్ విశ్వాసం వెల్లడించాలి, మనసు సిద్ధంగా ఉండాలి. ఆ మహాసభ పత్రంలోనే రెండు సూత్రాలున్నాయి. సంస్కారం సభ ఐక్యతకి సాక్ష్యం కాబట్టి మామూలుగా పంచుకోకూడదు. అది కృపకి మార్గం కూడా కాబట్టి ఒక్కోసారి పంచుకోవడం మంచిదే. చావు దగ్గర రెండోది బరువు తూగుతుంది. ప్రతి ఆదివారమూ తూగితే మొదటి సూత్రం ఉండీ లేనట్టే.

చివరి బెంచీ:
మరి 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు రోములోని లూథరన్ గుడికి వెళ్లినప్పుడు అచ్చం నాలాంటి ఆవిడే లేచి ఇదే అడిగింది. ఒకే బాప్తిస్మం, ఒకే ప్రభువు, ఒకే విశ్వాసం. ప్రభువుతో మాట్లాడి ముందుకు వెళ్లండి అన్నారు కదా?

ఉపదేశి:
అన్నారు. ఇంతకన్నా చెప్పే ధైర్యం చేయను అని కూడా అన్నారు. అనుమతి ఇవ్వడం తన పని కాదనీ అన్నారు. మనసుని కదిలించే జవాబే, కానీ చట్టం మారలేదు. ఆ అస్పష్టత ఎంత దూరం పోయిందో జర్మనీలో చూశాం. 2018 ఫిబ్రవరిలో అక్కడి బిషప్పులు ఎక్కువమంది, మీలాంటి దంపతులకి కొన్ని సందర్భాల్లో ఇవ్వవచ్చని మార్గదర్శకం ఆమోదించారు. ఏడుగురు బిషప్పులు దానికి ఒప్పుకోక రోముకి ఉత్తరం రాశారు. ప్రచురించే దశకి ఇది ఇంకా రాలేదని రోము అంది. చివరికి జూన్‌లో, బిషప్పులకి ఒక సహాయ పత్రంగా మాత్రమే బయటికి వచ్చింది. ఒక మేత్రాసనంలో (ఒక బిషప్ పరిధిలో) ఔను, పక్క మేత్రాసనంలో కాదు. ఐక్యత కోసం మొదలెట్టిన పని క్యాథలిక్కుల్నే చీల్చింది. నా భయమంతా అదే.

ఎండుటాకు:
చీలిక అప్పటికే ఉంది, ఆ కాగితం దాన్ని బయటపెట్టింది. అంతకుమించి చేసిందేమీ లేదు.

తూర్పు కిటికీ:
చివరి బెంచీ గారూ, అందరూ అడగడానికి మొహమాటపడుతున్న ప్రశ్న నేనడుగుతాను. అంత నమ్మకం ఉంటే క్యాథలిక్ సభలోనే చేరిపోవచ్చు కదా?

చివరి బెంచీ:
నాకు ప్రార్థించడం నేర్పింది మా అమ్మ, మా సంఘం. ఇక్కడ చేరడమంటే అక్కడ పొందింది సగమే అని ఒప్పుకోవడం. అది సగం కాదు. మీరు అబద్ధపు ఆమెన్ గురించి మాట్లాడారు. నేను చేరడానికి చెప్పే ఆమెన్ కూడా అబద్ధమే అవుతుంది. మరియమ్మ గురించీ పోపు గురించీ ఒప్పుకోలేను. సత్ప్రసాదం గురించి ఒప్పుకోగలను. చట్టం అడిగింది ఆ ఒక్కటే కదా?

ఉపదేశి:
ఔను, ఆ ఒక్కటే. అక్కడ నా దగ్గర జవాబు లేదు. మిశ్రమ వివాహాల్లో ఇలా పంచుకోవడం మినహాయింపుగా మాత్రమే ఉండాలని రోము ఇచ్చిన 1993 ఐక్యతా మార్గదర్శకం అంటుంది. అయినా మినహాయింపంటే అసలు లేదని కాదు.

ఒక పని చేయండి. మీ విచారణ గురువుతో (మీ గుడి చూసుకునే గురువుతో) ఇద్దరూ కలిసి మాట్లాడండి, తర్వాత బిషప్ గారికి రాయండి. దీనికి ఫారం ఏదీ ఉండదు, మామూలు ఉత్తరమే. తమంతట తామే అడగాలి అన్నది షరతుల్లోనే ఉంది. మీరు అడగకపోతే ఎవరూ వచ్చి పిలవరు. కాదనే వస్తుందని నా అంచనా, నేనే బిషప్పునైతే బహుశా నేనూ కాదనేవాణ్ణేమో. అయినా రాయండి.