ఒంగోలులో దివ్యాంగుల ప్లానింగ్‌కి షాపుల వాళ్లను పిలవాలా, వద్దా?

మూడుచక్రాలు:
దివ్యాంగుల కోసం ఏ మీటింగ్ పెట్టినా అధికారులు, మా సంఘం వాళ్లే ఉంటున్నారు. ప్రభుత్వ ఆఫీసుకి ర్యాంపు కడితే సరిపోతుందా? మేము రోజూ వెళ్లేది మందుల షాపుకి, టిఫిన్ హోటల్‌కి, బట్టల కొట్టుకి. కర్నూలు రోడ్డు, ట్రంకు రోడ్డు వ్యాపారులను, ప్రైవేటు ఆసుపత్రులను, సేవా సంస్థలను మొదటి మీటింగ్‌కే పిలవాలంటాను.

బట్టలకొట్టు:
పిలవండి, వస్తాం. కానీ మా కొట్టు రోడ్డుకి రెండడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలని రూలు, అంటే 24 అడుగులు. నా ముందున్నది ఆరడుగులు. పాత రోడ్డు తవ్వకుండా పైపైనే కొత్తది వేస్తుంటే, వాననీళ్లు లోపలికి రాకుండా మేమూ అరుగు లేపుకుంటూ పోయాం.

కనిగిరివాసి:
మా వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన పెద్దవాళ్లున్నారు. వాళ్లకి కావాల్సింది పట్టుకోవడానికి ఒక కమ్మీ. నున్నటి చీమకుర్తి గ్రానైట్ మెట్లు తడిస్తే కర్ర నిలవదు.

బట్టలకొట్టు:
కమ్మీ ఎంతసేపు. నేనడిగేది 24 అడుగుల సంగతి.

మూడుచక్రాలు:
అన్నా, ఆ 24 దగ్గరే ఆగిపోయారు. వాలుని మధ్యలో మలుపు తిప్పొచ్చు, పక్కపక్క నాలుగు షాపులకి కలిపి ఒకే అరుగు, ఒకే ర్యాంపు కట్టొచ్చు. ఒక్క షాపు వల్ల కాదు కాబట్టే కలిసి కూర్చుందామంటున్నా. మా చెల్లి పెళ్లి చీరలకి వెళ్తే ఒక షాపులో నన్ను బయట బండి మీదే ఉంచి కుర్రాడితో చీరలు పంపారు, బేరం మాత్రం లోపల మా బావతో ఆడారు. డబ్బు నాది.

బట్టలకొట్టు:
కుర్రాడిని పంపడం మర్యాద కాదా? మేమూ అలాగే చేస్తాం.

చట్టంమాట:
మర్యాదల సంగతి కాదిది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 46 ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్లీ అయితే 50 వేల నుంచి 5 లక్షలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా సౌకర్యాల ప్రమాణాలను తప్పనిసరి చేయమని కేంద్రానికి చెప్పింది. వ్యాపారులను బతిమాలడం ఎందుకు?

బట్టలకొట్టు:
చూశారా, జరిమానా దాకా వచ్చారు! సరే, ఉన్నమాట చెప్తా. మా వీధిలో సగం మెట్లు మురుగుకాలువ మీదే ఉన్నాయి. ర్యాంపు పేరుతో టేపు పట్టుకొస్తారు, కొలతలు రాసుకుంటారు, తర్వాత ఆక్రమణ అని మెట్లు పగలగొట్టి పోతారు, ర్యాంపు కట్టే నాథుడుండడు. రోడ్డు వెడల్పులో మా నాన్న కొట్టు ముందుభాగం అలాగే పోయింది. మాకు ర్యాంపంటే పేచీ లేదు, ఆ టేపంటేనే భయం.

మూడుచక్రాలు:
ఇది ముందే చెప్పాల్సింది. ఆ మెట్లు అడ్డమవడం వల్లే నేను లారీల మధ్య బండి నడుపుతున్నా. కొలవొద్దంటే ఒప్పుకోను. కానీ కూల్చేముందే ఉమ్మడి ర్యాంపు ఎక్కడొస్తుందో, కాలువ మీద పలకలు కార్పొరేషన్ వేస్తుందో లేదో రాతలో ఇవ్వాలి. అది అడగడానికైనా మీరు అక్కడుండాలి.

కనిగిరివాసి:
కమ్మీకి టేపు అక్కర్లేదుగా, ఈలోపు అదైనా పెట్టించండి.

బట్టలకొట్టు:
నా కొట్టుకి పెట్టిస్తా. మీటింగ్‌కి మాత్రం రాసిస్తేనే. లేకపోతే మా అసోసియేషన్‌లో ఒక్కరూ రారు.