64 కోర్లున్నా పని ముందుకు సాగట్లేదు: ఇంకో పెద్ద సర్వరా, ఎనిమిది చిన్న మిషన్లా?

ప్రశ్న:
మా ల్యాబ్‌లో పాత తెలుగు పత్రికల స్కాన్ పేజీలను శుభ్రం చేసి, వరుసలుగా, అక్షరాలుగా కోసే పని నాది. పేజీ సుమారు 20 ఎంబీ. సర్వర్‌కి ప్రాసెసర్ చిప్పులు పెట్టే సాకెట్లు రెండు, లెక్కలు చేసే కోర్లు మొత్తం 64, లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) 5.4. నడిచే ప్రోగ్రామ్ (ప్రాసెస్) ఒక్కటే, దాని లోపల పక్కపక్కనే సాగే పనులు (థ్రెడ్లు). 16 థ్రెడ్లతో గంటకు 9,000 పేజీలు అవుతున్నాయి. 64 పెడితే 13,000 దగ్గరే ఆగిపోయింది. టాప్ కమాండ్‌లో సిస్టమ్ టైమ్, అంటే కెర్నెల్ సొంత పనికే పోయే సమయం, 45 శాతం. ఇంకో పెద్ద సర్వర్ అడగాలా, చిన్నవి ఎనిమిది కొని నెట్‌వర్క్‌తో కలిపి క్లస్టర్ కట్టాలా? వారంలో మా సార్‌కి చెప్పాలి.

జవాబు 1:
క్లస్టరే. ఒక పేజీకి ఇంకో పేజీతో పని లేదు కదా. 1994లో నాసా గొడార్డ్‌లో 16 మామూలు 486 పీసీలను ఈథర్నెట్‌తో కలిపి బియోవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. తక్కువ ఖర్చులో అయిపోతుంది.

జవాబు 2:
తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనకు. సమయం ఎక్కడ పోతోందో చూపే పెర్ఫ్ పెట్టి చూడు, ప్రాసెస్ మెమరీ పటాన్ని కాపాడే ఎంమ్యాప్ తాళం (లాక్) దగ్గర థ్రెడ్లన్నీ బారులు తీరి ఉంటాయని నా నమ్మకం. పెద్ద బొమ్మకి మాలాక్‌తో మెమరీ అడిగితే చాలాసార్లు లోపల ఎంమ్యాప్ (కెర్నెల్ నుంచి మెమరీ తెచ్చుకోవడం), ఫ్రీ చేస్తే మున్‌మ్యాప్ (తిరిగి ఇచ్చెయ్యడం) జరుగుతాయి. ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటికీ అడ్రస్ స్పేస్ (ఆ మెమరీ పటం) ఒకటే, దానికి తాళమూ ఒకటే. పైగా మున్‌మ్యాప్ అయిన ప్రతిసారీ, ఆ ప్రాసెస్ నడుస్తున్న మిగతా కోర్లను ఆపి, అడ్రసులు గుర్తుపెట్టుకునే వాటి చిన్న పట్టిక (టీఎల్‌బీ)లోంచి పాత అడ్రసులు తుడిపించాలి. 64 కోర్లుంటే ఆ పిలుపు 63 చోట్లకి వెళ్తుంది.

ఎనిమిది ప్రాసెస్‌లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఎనిమిది థ్రెడ్లు ఇవ్వు. నుమాసీటీఎల్ కమాండ్‌తో సగం ఈ సాకెట్‌కి, సగం ఆ సాకెట్‌కి కట్టెయ్. అప్పుడు ఆ ఒక్క మిషనే నీకు క్లస్టర్.

ఈ గొడవ పాతదే. 1996లో లినక్స్ 2.0 మొత్తం కెర్నెల్‌కి ఒకే పెద్ద తాళంతో ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్ల మీద నడిచింది. ఆ తాళాన్ని ముక్కలు చేసుకుంటూ పోయి, పూర్తిగా తీసెయ్యడానికి 2011 వరకూ పట్టింది. తాళాలు పెంచుకుంటూ పోతే కోడ్ ఎవరికీ అర్థం కాకుండా పోతుందనీ, పెద్ద మిషన్ మీదే చిన్న కెర్నెళ్లు కొన్ని నడిపి క్లస్టర్‌లా కలపమనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇంజనీర్ లారీ మెక్‌వాయ్ వాదించారు. ఆ దారిలో వెళ్లకుండానే కెర్నెల్ వాళ్లు నెగ్గుకొచ్చారు, దానికి నాకు వాళ్లంటే చాలా గౌరవం. 2004లో నాసా ఏమ్స్‌లోని కొలంబియా సూపర్‌కంప్యూటర్‌లో ఒక్కో మిషన్‌కి 512 ప్రాసెసర్ల మీద ఒకే లినక్స్ నడిచింది. కానీ అలాంటివి 20 కలిపితేనే 10,240 ప్రాసెసర్లయ్యాయి, అంటే అక్కడా పెద్ద మిషనూ, క్లస్టరూ రెండూ వాడారు. మెక్‌వాయ్ మాటలో నిజం మాత్రం నీలాంటి పనికి ఇప్పటికీ సరిపోతుంది: పంచుకోనక్కర్లేనిది పంచుకోకు.

వీలైతే కెర్నెల్ 6.4 గానీ, ఆపైది గానీ వేసుకో. పేజీ ఫాల్ట్‌లకి (ప్రోగ్రామ్ మెమరీ ముక్కను ముట్టుకోగానే కెర్నెల్ దాన్ని అప్పటికప్పుడు సిద్ధం చెయ్యడం) ఆ ఒక్క తాళం మీద భారం అందులో తగ్గించారు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మీరన్నట్టే పెర్ఫ్‌లో ఆ తాళమే కనిపించింది. కెర్నెల్ ముట్టుకోలేదు, ప్రాసెస్‌లుగా విడగొట్టానంతే. నిన్న రాత్రి గంటకు 31,000 పేజీలు! సిస్టమ్ టైమ్ 6 శాతానికి దిగింది. ఇక క్లస్టర్ అక్కర్లేదంటారా?

జవాబు 2:
చాలా సంతోషం. ఇకమీదట నీకు అడ్డు డిస్కు. 31,000 పేజీలంటే సెకనుకు 170 ఎంబీ పైమాటే, గిగాబిట్ నెట్‌వర్క్ తీగ మీద 125కి మించి రాదు. క్లస్టర్ కట్టి బొమ్మలన్నీ ఒక్కచోటే ఉంచితే మళ్లీ అందరూ ఆ తీగ దగ్గరే ఆగుతారు. ఆ డబ్బుతో ఈ సర్వర్‌కే ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) డిస్కులు కొనమని సార్‌కి చెప్పు.