ఆఖరి బస్సు తప్పిపోకుండా ఒక్కరోజు అడవి నడకకు వెళ్లి రావడం ఎలా?

సొంత వాహనం లేని మేము నగరం నుంచి రైలులో, ఆపైన బస్సులో వెళ్లి, అడవి దారిలో నాలుగైదు గంటలు నడిచి, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం కావాలనుకుంటున్నాం. ఇలాంటి ప్రయాణాలు అలవాటున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

రైలుతో ఇబ్బంది లేదు. చిక్కంతా స్టేషన్ నుంచి అడవి అంచు వరకు ఉండే చివరి ఆరేడు కిలోమీటర్లతోనే. గత నెల ఒక ఆదివారం మేము కొండ దిగి వచ్చేసరికి బస్టాపులో ఎవరూ లేరు. వానకు తడిసి రంగు వెలిసిన కాగితం మీద వేళలు కూడబలుక్కుని చదివితే, సెలవు రోజుల్లో ఆఖరి బస్సు గంట ముందే వెళ్లిపోతుందని అప్పుడు తెలిసింది. మడమలు బొబ్బలెక్కిన మా అమ్మాయి చేయి పట్టుకుని స్టేషన్ దాకా నడిచిన ఆ రెండు గంటలు నేను మరిచిపోలేను.

నడక సమయాన్ని 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ప్రకారం, అంటే గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట చొప్పున లెక్క వేసుకున్నాను. అందులో విశ్రాంతికి చోటు లేదు కనుక, ఎనిమిదేళ్ల పాపతో వెళ్లేటప్పుడు ఇంకెంత కలుపుకోవాలి? ఒక స్టాపులో దిగి మరో స్టాపులో ఎక్కేలా దారి ఎంచుకోవడమే నాకిష్టం, చూసిన చోటే మళ్లీ చూడనక్కర్లేదు; కానీ సగం దారిలో పాప అలసిపోతే ఎక్కడి వరకు వెనుదిరగవచ్చో, ఎక్కడి నుంచి ముందుకే సాగాలో మీరు ముందుగా ఎలా నిర్ణయించుకుంటారు?