ఈ వారం సమస్య: మీసమున్న భామ మిగుల ముద్దు

సూత్రధారి: కలంపేర్లతో రాసే మిత్రులకు నమస్కారం. మొన్న రవీంద్రభారతి మెట్ల మీద నిలబడి ఆడవేషాల గురించి మాట్లాడుకున్నాం కదా, అందులోంచి పుట్టిన సమస్య ఇది. ఆటవెలది నాలుగో పాదం.

మీసమున్న భామ మిగుల ముద్దు

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. చివరి పాదం నేనిస్తాను, ముందు మూడూ మీరు పూరించాలి. గణాలంటే పొడుగు, పొట్టి అక్షరాల గుంపులు; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం దానికంటే పెద్దది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో శబ్దంలో కలవాలి, అదే యతి. పాదాల రెండో అక్షరాలు కలవాలన్న ప్రాస నియమం లేదు కాబట్టి భయపడక్కర్లేదు. పూరణలో నటులో, నాటకమో, కథో, మన స్నేహబృందమో ఎక్కడో ఒకచోట కనబడాలి. ఇంకో షరతు: ఆ మీసం ఎక్కడినుంచి వచ్చిందో పద్యంలోనే తేలాలి. మీసం సంగతి తేల్చకుండా చివరి పాదం తగిలించేస్తే ఒప్పుకోను.

మూడో గంట: మహేశం ఉన్నాడుగా! కన్యాశుల్కంలో కరటకశాస్త్రి శిష్యుడు. ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లకి పెళ్లికూతురయ్యాడు. రాసేయమంటారా?

చిక్కడపల్లి మాస్టారు: రాయకు నాయనా. వాడికింకా మీసం మొలవలేదు. అందుకే కదా కరటకశాస్త్రి పథకం పారింది!

శేరిలింగంపల్లి సురభిప్రియ: నేను మొదలుపెడతాను. మా ఇంటికి దగ్గర్లోనే సురభి నాటక కుటుంబాల కాలనీ. వాళ్ల చరిత్ర మొదలైందే కీచకవధతో, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో. అందుకని కీచకుణ్ణే పట్టుకున్నాను.

నర్తనాలయమున నాతిగా గూర్చున్న
భీము గాంచి మురిసి పిచ్చివాడు
చీకటింట ననియె సింహబలుడు నవ్వి
"మీసమున్న భామ మిగుల ముద్దు"

చిక్కడపల్లి మాస్టారు: శభాష్ అమ్మా. 'భీ'కి 'పి', 'చీ'కి 'సి' యతులు చక్కగా కుదిరాయి. సింహబలుడు కీచకుడి పేరే కాబట్టి వేరే విశేషణంతో పని లేకపోయింది. కాని ఒక సందేహం. మూడో పాదంలో చీకటిల్లు అన్నావు, రెండో పాదంలో 'గాంచి' అన్నావు. చీకట్లో వాడికి భీముడు ఎలా కనబడ్డాడు? కనబడితే మీసంతో పాటు కండలు కూడా కనబడి పారిపోయేవాడుగా.

మూడో గంట: మాస్టారూ, స్టేజి మీద నీలం లైటు వేస్తారు. ప్రేక్షకులకి కనబడాలి కదండీ.

చిక్కడపల్లి మాస్టారు: అది ప్రేక్షకుల చీకటి. కీచకుడి చీకటి వేరు. 'గాంచి' తీసి 'తాకి' పెట్టు. గణం అదే, యతికి ఢోకా లేదు. 'భీము తాకి మురిసి పిచ్చివాడు'. చేతికి మీసం తగిలినా వాడికి బుద్ధి రాలేదంటే ఆ పిచ్చి ఎంతటిదో తెలుస్తుంది. హాస్యమంతా అక్కడే ఉంది.

శేరిలింగంపల్లి సురభిప్రియ: ఒక్క మాటతో పద్యం లేచి కూర్చుంది మాస్టారూ! మార్చేశాను.

సూత్రధారి: మీసం లెక్క సరిపోయింది. ఇంకో విశేషం గమనించారా? మిగతా నాటక సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభివాళ్లు ఆడవేషాలు తమ ఇంటి ఆడవాళ్లతోనే వేయించారు. అలాంటి సురభి తొలి నాటకంలోనే ఒక మగవాడు ఆడదానిలా కూర్చోవాల్సి రావడం తమాషాగా ఉంది.

తెరచాటు: అయితే నాది అవతలి వైపు నుంచి. ఆడవేషాలకి పెట్టింది పేరైన మహానుభావుడు స్థానం నరసింహారావు మీద.

స్థానము నరసింహ సత్యయై వచ్చినన్
జడను విసరు తీరు జనము మెచ్చె
వేషమందె మగువ, విప్పిన మగవాడె
మీసమున్న భామ మిగుల ముద్దు

కథల బీరువా: మొదటి పాదం చదవగానే ఒళ్లు జలదరించింది. పేరు అంత హాయిగా గణాల్లో కూర్చుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

చిక్కడపల్లి మాస్టారు: 'స్థానము నరసింహ' మూడు సూర్యగణాలు, ఆయన పేరే ఛందస్సులో ఉంది! 'స్థా'కి 'స' చెల్లుతుంది, సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేసుకోవచ్చు. ఇక అసలు సంగతి. మూడో పాదం వినడానికి బాగుంది, కాని మీసం ఏదీ? వేషం విప్పితే మగవాడు, నిజమే. మగవాడైనంత మాత్రాన మీసం ఉండాలా? ఆడవేషం కట్టేవాళ్లు ముందు చేసే పనే నున్నగా గీయించుకోవడం. మీ పద్యంలో మగవాడు ఉన్నాడు, భామ ఉంది, మీసం మాత్రం సూత్రధారి గారు ఇచ్చిన పాదంలోనే ఉంది.

తెరచాటు: అంటే ఆయన గొప్పతనం పోతుందని కాదు కదా?

చిక్కడపల్లి మాస్టారు: ఆయన గొప్పతనానికేం! సత్యభామ, రోషనార, మధురవాణి, ఏ పాత్ర కడితే ఆ పాత్రే. 1956లోనే పద్మశ్రీ. 'మీరజాలగలడా' పాట తానే రాసుకుని తానే పాడిన సత్యభామ ఆయన. నేను అడిగేది మీసం.

కథల బీరువా: ఒక ఉపాయం. పొద్దున గీసుకున్నా రాత్రి మూడో అంకానికల్లా నల్లగా మొలుచుకొస్తుంది కదా. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకి అది కనబడుతుంది. అయినా పట్టించుకోరు. దాన్ని పెట్టండి.

తెరచాటు: ఇదిగో. మూడో పాదం మారింది.

స్థానము నరసింహ సత్యయై వచ్చినన్
జడను విసరు తీరు జనము మెచ్చె
మొలచు మీసమైన మోజులో మరచిరి
మీసమున్న భామ మిగుల ముద్దు

చిక్కడపల్లి మాస్టారు: ఇప్పుడు బాగుంది. 'మీసము' రెండుసార్లు పడింది, అది కొంచెం గుచ్చుకుంటోంది. కాని 'మొలచు' అన్న మాట కోసం క్షమించేశాను. ఆ ఒక్క మాటలో మేకప్ గది వాసన వచ్చింది.

మూడో గంట: నాది సొంత అనుభవం. మా కాలనీ వినాయక చవితి స్టేజి మీద జరిగింది.

వేళకు నటి రాక వేషము గట్టెను
మీసమట్లె యుంచి మిత్రుడొకడు
ఒన్సుమోరు లిచ్చి యూగెను జనమెల్ల
మీసమున్న భామ మిగుల ముద్దు

కథల బీరువా: ఆ మిత్రుడెవరో నాకు తెలుసు. ఇంకో రెండు పోస్టులు పైకి వెళితే దొరుకుతారు.

తెరచాటు: నా పేరు చెప్పొద్దన్నాను కదండీ!

కొత్త కలం: 'ఒన్సుమోరు' పద్యంలో వాడొచ్చా? 'ఒ'కి 'యూ' యతి ఎలా కుదిరిందో కూడా అర్థం కాలేదు.

చిక్కడపల్లి మాస్టారు: 'ఇచ్చి' తర్వాత 'ఊగెను' వస్తే మధ్యలో యకారం చేరింది. యతి లోపలున్న 'ఊ'కే. 'ఒ'కి 'ఊ' మైత్రి ఉంది. ఇక ఒన్సుమోరు సంగతంటావా, పద్యనాటకం చూసినవాడెవడూ దాన్ని పరాయి మాట అనుకోడు. రాగం తీసి పద్యం ఆపగానే వెనక బెంచీల్లోంచి వచ్చే ఆ కేక లేకపోతే నటుడికి అన్నం సహించదు. దానికి తెలుగు మాట వెతకడం వృథా. నా అభ్యంతరం రెండో పాదం మీద. అక్కడే 'మీసమట్లె యుంచి' అని చెప్పేశాక నాలుగో పాదంలో ఇక విప్పడానికి ఏముంది? మీసం పేరెత్తకుండా మీసం ఉందని తెలిసేట్టు చెప్పాలి. ఇలా చూడు:

వేళకు నటి రాక వేసెను మిత్రుడె
గొరుగ వేళ లేదు, గుంపు వచ్చె

మూడో గంట: ఆహా! టెన్షన్ కూడా వచ్చింది. నిజంగా అలాగే జరిగింది మాస్టారూ, బ్లేడు కోసం మనిషిని పంపాం, వాడు వచ్చేసరికి తెర లేచిపోయింది.

పిల్లికూత: అందరూ మనుషుల వెంటే పడ్డారు. నా భామ వేరు.

రంగశాల ముందు రవ్వంత పిల్లికి
భామ యనుచు పేరు పడియె నిచట
టీకి ముందు తానె టిఫినుకై వచ్చును
మీసమున్న భామ మిగుల ముద్దు

సూత్రధారి: 'టీ'కి 'టి'! ఇంత అల్లరి యతి ఈ మధ్య చూడలేదు. మీసం లెక్క ఇంతకంటే శుభ్రంగా తేల్చినవాళ్లూ లేరు. పాస్.

కొత్త కలం: నాకిది మొదటి పద్యం. నాటకం అయ్యాక మనం చేసే పనే రాశాను. తిట్టకండి.

నాటకమ్ము పిదప నలుగురం కూడుచు
కథలు చెప్పుకొనుచు చాయి తాగ
నురుగు పెదవి పైన నునుగీత దిద్దెను
మీసమున్న భామ మిగుల ముద్దు

చిక్కడపల్లి మాస్టారు: తిట్టడమెందుకు, ఊహ అందరికంటే కొత్తగా ఉంది. మీసం పేరెత్తకుండా గీత గీశావు, నేను పైన అడిగింది అదే. ఒక్క రెండో పాదంలో యతి తప్పింది. 'క'కి 'చా' పొసగదు. 'కాఫి తాగ' అను, సరిపోతుంది.

కొత్త కలం: మాస్టారూ, హైదరాబాద్‌లో ఇరానీ హోటల్లో కూర్చుని కాఫీ తాగమంటారా? ఆ సర్వరు నన్ను మళ్లీ లోపలికి రానివ్వడు!

మూడో గంట: నేను కొత్త కలం పక్షం. చాయ్ మార్చడానికి వీల్లేదు. ఛందస్సు కోసం ఊరు మార్చుకుంటామా?

చిక్కడపల్లి మాస్టారు: అయితే పాదం మొదలు మార్చండి. 'చర్చలందు మునిగి చాయి తాగ'.

కథల బీరువా: అన్యాయం! కథలు ఎగిరిపోయాయి. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి కథల పుస్తకం చంకలో పెట్టుకుని త్యాగరాయ గానసభకు నడిచి వచ్చేది ఎవరు? నాటకం మొదలయ్యేలోపు ఒక కథ, అయ్యాక చాయ్‌తో ఇంకో కథ చదివి వినిపించేది ఎవరు? కథ లేకుండా ఈ పద్యం ఒప్పుకోను. ఇలా చేద్దాం: 'చదివి కథల నెల్ల చాయి తాగ'. 'చ'కి 'చా'. కథా ఉంది, చాయ్ కూడా ఉంది.

కొత్త కలం: అక్కా, మీకు దండం!

పిల్లికూత: ఒక అడ్డుపుల్ల. ఇరానీ చాయ్‌కి నురుగెక్కడిది? అది ఫిల్టర్ కాఫీకి వస్తుంది. మాస్టారు చెప్పిన కాఫీయే నయమేమో.

మూడో గంట: నురుగు లేకపోతే మీగడ ఉంది. చిక్కటి పాలు కాచి కాచి పోస్తారు కాబట్టి కాసేపు మాటల్లో పడితే కప్పు మీద మీగడ కడుతుంది. సాసర్లో పోసుకుని తాగని వాళ్లకి పై పెదవికి అంటుకోవడం ఖాయం. 'మీగడంటి పెదవి మీద నిలిచె గీత'. 'మీ'కి 'మీ', గణాలు చూడండి మాస్టారూ.

చిక్కడపల్లి మాస్టారు: మీగ, డంటి, పెదవి, మీదని, లిచెగీత. మూడు సూర్యగణాలు, భగణం, సలం అనే రెండు ఇంద్రగణాలు. సరిగ్గా ఉంది. అందరి చేతులూ పడ్డ పద్యం ఇదిగో:

నాటకమ్ము పిదప నలుగురం కూడుచు
చదివి కథల నెల్ల చాయి తాగ
మీగడంటి పెదవి మీద నిలిచె గీత
మీసమున్న భామ మిగుల ముద్దు

తెరచాటు: ఆ భామ ఎవరో మాత్రం అడగకూడదా?

కొత్త కలం: కల్పితం! మన బృందంలో ఎవరినీ ఉద్దేశించింది కాదు!

కథల బీరువా: సాసర్లో పోసుకోని దాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే. సరేలే తమ్ముడూ, ముద్దు అన్నావు కాబట్టి వదిలేస్తున్నా.

మూడో గంట: బీరువా గారూ, కథ లేనిదే ఒప్పుకోనన్నారు గాని, కథకంటే నాటకమే పెద్దక్క. కన్యాశుల్కం 1892లోనే విజయనగరంలో ఆడింది. అదే గురజాడ దిద్దుబాటు కథ రాసింది 1910లో.

కథల బీరువా: దానికి ముందే 1902లో భండారు అచ్చమాంబ గారి ధనత్రయోదశి కథ ఉంది, గుర్తు పెట్టుకోండి. అయినా మీరు ఇదేం కొత్తగా అనడం లేదు. కథలో సగం మనసులోనే జరుగుతుంది, స్టేజి మీద దాన్ని ఎవరు పలుకుతారు అని ఇదివరకే వాదించారు. ఆ తర్వాత మీ మనవరాలి కాలేజీలో కథను నాటకంగా వేస్తుంటే నన్ను తోడు తీసుకెళ్లారు. నా పూరణ ఆ సాయంత్రం గురించే.

కథను నాటకముగ కాలేజిలో వేసి
పెద్ద కరణమయ్యె పిన్న పిల్ల
జిగురు జారినపుడు చిరునవ్వు దాచిన
మీసమున్న భామ మిగుల ముద్దు

శేరిలింగంపల్లి సురభిప్రియ: ఎంత బాగుందండీ! మేమంతా మగవాణ్ణి భామని చేయడానికి తంటాలు పడ్డాం. మీరు భామకే మీసం పెట్టేశారు.

చిక్కడపల్లి మాస్టారు: 'పెద్ద కరణము' పక్కనే 'పిన్న పిల్ల'. యతి కోసం తెచ్చినట్టు లేదు, యతే వెతుక్కుంటూ వచ్చినట్టుంది. మూడో పాదం చివర 'దాచిన' దగ్గర ఆగకుండా సమస్య పాదంలోకి జారిపోవడం ఇంకా బాగుంది. ఇచ్చిన పాదం అతికించినట్టు లేదు, ఆ వాక్యానికి అదే ముగింపు. పేచీ పెట్టడానికి చోటు దొరకలేదు, అదే నా బాధ.

మూడో గంట: అక్కడ జరిగింది చెప్పాలి. స్పిరిట్ గమ్ సరిగా ఆరకముందే మా మనవరాలిని స్టేజి మీదకి తోసేశారు. శిస్తు లెక్క చదువుతుంటే మీసం ఎడమ కొస ఊడి వేలాడింది. మా పిల్ల తడబడకుండా, కోపం వచ్చిన కరణంలా ఆ కొసనే మెలేస్తూ అంటించేసింది. చప్పట్లే చప్పట్లు. ఇంటికొచ్చాక అడిగింది: 'తాతయ్యా, కథలో కరణం మనసులో అనుకున్నది మీసం మెలేస్తే తెలిసింది కదా?' అని. బీరువా గారూ, అప్పుడే మీ దగ్గర ఆ కథల పుస్తకం అడిగి పట్టుకెళ్లాను.

కథల బీరువా: ఇంకా తిరిగివ్వలేదు.

సూత్రధారి: పుస్తకాల పంచాయితీ ఈ వేదిక పరిధిలోకి రాదు! ఈ వారం మొదటి తాంబూలం కరణం పద్యానికి, రెండోది కీచకుడికి. చాయ్ పద్యానికి కర్తలు ఎక్కువయ్యారు కాబట్టి తాంబూలం బదులు అందరికీ తలా ఒక ఉస్మానియా బిస్కెట్టు, ఖర్చు కొత్త కలానిది. వచ్చే వారం సమస్య తేటగీతి పాదం:

ప్రేక్షకులు లేని నాటకం ప్రియము మాకు

పిల్లికూత: ఇది సమస్యేమిటండీ, ఆదివారం క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు మన పరిస్థితే కదా!

చిక్కడపల్లి మాస్టారు: ఆ 'ప్రియము' దగ్గరే ఉంది కిటుకు. ఎందుకు ప్రియమో చెప్పకుండా పూరిస్తే ఊరుకోను. రాయండి.