అప్‌డేట్: గుడ్డి టెంప్లర్ల బ్లూరే వచ్చేసింది

‘టూంబ్స్ ఆఫ్ ది బ్లైండ్ డెడ్’ (స్పెయిన్ హారర్ సినిమా, 1972) ఏ డిస్క్ కొనాలి, ఇక్కడి ప్లేయర్‌లో ఆడుతుందా అని ఆమధ్య అడిగాను. అమెరికా డిస్కే తెప్పించా. బ్లూరేలకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ కోడ్ ఉంటుంది, కోడ్ కలవకపోతే డిస్క్ ఆడకపోవచ్చు. వాళ్ళది రీజియన్ ఏ, మనది సీ. అందుకే ఫ్రెండ్ దగ్గర ఏ కోడ్ డిస్కైనా ఆడే రీజియన్ ఫ్రీ ప్లేయర్ అరువు తెచ్చుకున్నా.

చూస్తే స్పానిష్ వెర్షనే చూడండి. అమెరికాలో వదిలిన ఇంగ్లీష్ డబ్బింగ్‌లో బాగా కత్తిరించి, మధ్యలో రావాల్సిన టెంప్లర్ల (మధ్యయుగపు క్రైస్తవ యోధులు, ఇందులో సమాధుల్లోంచి లేచొచ్చే శవాలు వీళ్ళే) ఫ్లాష్‌బ్యాక్‌ని మొదట్లోనే పెట్టేశారు. సస్పెన్స్ గంగలో కలిసింది! డైరెక్టర్ అమాందో దె ఒసోరియో చేతిలో డబ్బుల్లేకపోయినా టెంప్లర్ల గుర్రాల్ని స్లో మోషన్‌లో పరిగెత్తించి వణికించాడు. కళ్ళు లేని ఆ శవాలు చప్పుడు బట్టే వేటాడతాయి. కదలకుండా నిలబడ్డా గుండె చప్పుడు పట్టిస్తుంది. అక్కడ సౌండ్ పెంచండి.

కస్టమ్స్ బిల్లు సంగతి మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు.