కౌన్సిలర్ గొంతు పెంచితే ‘వీరంగం’ అని రాయొచ్చా?

అనంత డెస్క్ (అనంతపురం):
మునిసిపల్ సమావేశం వార్త ఒకటి చూస్తున్నా. వార్డుకు తాగునీళ్లు రావడం లేదని ఒక కౌన్సిలర్ లేచి చాలాసేపు గట్టిగా మాట్లాడారు. నిలబడిన చోటి నుంచి కదల్లేదు, ఎవరినీ తోయలేదు, బూతు మాట లేదు. శీర్షిక మాత్రం ‘కౌన్సిలర్ వీరంగం’ అని వచ్చింది. వీరంగం, శివాలు, చిందులు, నిప్పులు, రంకెలు, అన్నీ కోపంతో రెచ్చిపోయి మాట్లాడటమే కదా అంటున్నారు. ఏది ఎక్కడ కుదురుతుందో, ఏ క్రియతో, ఏ విభక్తితో వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మాండవ్య తీరం (రాయచోటి):
ఆ శీర్షిక తప్పన్నా. వీరంగం వట్టి మాట కాదు, ఒళ్లు కదలాలి. అది వీరభద్రుడి కొలువులోది. మా రాయచోటిలో గానీ, మీ లేపాక్షి పక్క గానీ వీరభద్రుణ్ణి కొలిచేవాళ్లు డప్పులు, వీరణాల మోతకు కత్తి తిప్పుతూ అడుగు వేస్తారు. ‘అశ్శరభ శరభ, దశ్శరభ శరభ’ అని కేక పెడతారు. మధ్యలో ఆట ఆపి ఖడ్గాలు చదువుతారు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసినవాడి ఉగ్రాన్ని పొగిడే గద్యం అది, ఊపిరి తీసుకోకుండా సాగుతుంది. అంటే అందులో మాట ఉంది, కానీ కత్తీ అడుగూ లేకుండా మాట ఒక్కటే ఉండదు.

అక్కడి నుంచి వాడుకలోకి వచ్చాక అర్థం దిగజారింది. ‘తాగి వీరంగం వేశాడు’, ‘నడిరోడ్డుపై వీరంగం’ అంటే అరవడమే కాదు, అద్దాలు పగలగొట్టడమో, జనం మీదికి ఉరకడమో జరిగుండాలి. మీ కౌన్సిలర్ మైకు లాగి, కుర్చీలు విసిరి ఉంటే రాయొచ్చు. లేదంటే చెయ్యని రౌడీతనాన్ని ఆయనకు అంటగట్టినట్టే. క్రియ ‘వేయు’, ‘ఆడు’. పత్రికల ‘వీరంగం సృష్టించాడు’ నాకు రుచించదు గానీ పాతుకుపోయింది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
పైన చెప్పింది సరే. మిగతావాటి సంగతి.

‘శివాలెత్తడం’ పూనకం మాట. ఉన్నట్టుండి రావాలి, మనిషి తన వశంలో ఉండకూడదు. కాగితం చూసి లెక్కలు చదివిన మనిషిని శివాలెత్తాడంటే అబద్ధం. ‘చిందులు తొక్కడం’ ఎక్కువగా పైవాడు కిందివాళ్ల మీద చేసేది: ‘సిబ్బందిపై చిందులు తొక్కిన అధికారి’. దాన్ని తిరగేసి ‘కలెక్టరుపై అటెండరు చిందులు’ అంటే చదివేవాడికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘నిప్పులు చెరగడం’ దగ్గర కాస్త ఆగాలి. చేటలో గింజలు చెరిగేటప్పుడు చూడండి, ఒక్కో ఎగరవేతకూ పొట్టు ముందువైపు ఎగిరిపోతుంది. ఆ చేటలో నిప్పులున్నాయనుకోండి, ఎదురుగా ఉన్నవాడి మీద పడతాయి. అందుకే ఈ మాటకు ఎదుటివాడు ఉండి తీరాలి. ‘ప్రభుత్వంపై నిప్పులు చెరిగారు’ నిండుగా ఉంటుంది. ఎవరి మీదో చెప్పకుండా ‘సభలో నిప్పులు చెరిగారు’ అని వదిలేస్తే వాక్యం కుంటుతుంది. ‘ధ్వజమెత్తడం’, ‘విరుచుకుపడటం’ కూడా ‘పై’తోనే. ‘ధ్వజమెత్తడం’ జెండా ఎత్తి యుద్ధానికి దిగడం కాబట్టి విధానం మీదనో, ప్రభుత్వం మీదనో అయితే బాగుంటుంది. ఇంట్లో మొగుడు పెళ్లాం మీద ధ్వజమెత్తడు. ‘కడిగిపారేశారు’, ‘ఏకిపారేశారు’ మాత్రం ‘ను’తో. ఇవి రెండూ మాటల్లో సరుకు ఉందని ఒప్పుకున్నట్టు.

రంకె ఆంబోతుది. ‘గారు రంకెలు వేశారు’ అని ఒకే వాక్యంలో గౌరవం, పశువు రెండూ పెట్టొద్దు.

గండికోట (కడప):
ఇంకొకటి చేర్చాలి. కోపమా, డంబమా అన్నది ముందు తేల్చుకోండి. ‘ప్రగల్భాలు’, ‘బీరాలు’ కోపం కాదు, లేని బలాన్ని చాటుకోవడం. విరాటపర్వంలో ఉత్తరుడు అంతఃపురంలో పలికినవి అవే, కౌరవ సేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. ‘లబోదిబోమనడం’ ఏడుపు. దీన్ని కోపానికి వాడటం ఈ మధ్య చూస్తున్నా, అది శుద్ధ తప్పు.

‘తిట్ల దండకం’ చక్కని మాట. తెలుగులో దండకానికి పద్యంలా నాలుగు పాదాలుండవు, ఎక్కువగా త-గణాలే వరసగా సాగి చివర గురువుతో ఆగుతుంది. ఆగకుండా తిట్టేవాడికి సరిగ్గా అతుకుతుంది. నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నవాడికి అతకదు.

మన సీమ మాటలు కూడా పనికొస్తాయి. ‘ఎగురుతాండాడు’ అంటే కోపంగా మాట్లాడుతున్నాడు గానీ చేసేదేం లేదని. ‘రంపు చేస్తాండాడు’ అంటే నలుగురూ గుమిగూడేంత గొడవ. ‘నోరు చేసుకున్నాడు’ అంటే మాటల తగవుకు దిగాడని. ‘నోరు పారేసుకున్నాడు’ అంటే అనకూడనిది అన్నాడని, అది తీర్పు. బూతు లేదంటున్నారు కాబట్టి మీ వార్తలో వద్దు. ‘గయ్యిమనడం’ కూడా ఆడవాళ్లకే అంటగట్టే అలవాటుంది, వార్తలో మానేస్తే మంచిది.

మీ శీర్షిక: ‘నీళ్లేవీ? అధికారులను నిలదీసిన కౌన్సిలర్’. ‘నిలదీయడం’లో కోపమూ ఉంది, అడిగిన ప్రశ్నా ఉంది.

అనంత డెస్క్:
మార్చేశాం, అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. ఇలాంటి గొడవల్లో పోలీసులకు ఇచ్చే ఫిర్యాదుల్లోనూ ‘వీరంగం వేశాడు’, ‘నోటికొచ్చినట్టు తిట్టాడు’ అని ఉంటుంది. అది చాలుతుందా?

హంద్రీ ఒడ్డు:
చాలదు. అవి మన అభిప్రాయాలు. అతని నోటి మాట ఏదో ఉన్నదున్నట్టు కొటేషన్‌లో రాయాలి, బూతైనా సరే. ఎందుకంటే ఏ మాట అన్నాడన్న దాన్నిబట్టే సెక్షన్ మారుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో గొడవ రేగేలా కావాలని అవమానిస్తే 352, బెదిరిస్తే 351, బహిరంగ చోట ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా తిడితే 296. ‘నీ అంతు చూస్తా’ అన్నాడా, ‘చంపుతా’ అన్నాడా అన్నది కూడా పెద్ద తేడానే. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా, చంపుతానన్న బెదిరింపుకు ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ‘నోటికొచ్చినట్టు’ అని వదిలేస్తే ఇవేవీ తేలవు. మాటతో పాటు తేదీ, వేళ, చోటు, విన్నవాళ్ల పేర్లు రాయించండి. చేతులు ఆడించాడా, మీదికి వచ్చాడా అన్నది వేరే వాక్యంలో పెట్టించండి.