నాలుగో కాలు కలవట్లేదు

కొత్తలేత్:
స్టూల్ కోసం నాలుగు కాళ్లు లేత్ (కర్రని తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద తీస్తున్నాను. పని మొదలుపెట్టి ఎనిమిది నెలలే. మూడు కాళ్లు బాగానే వచ్చాయి. నాలుగోది స్టూల్‌కి పెట్టి చూస్తే ఏదో తేడా కొడుతోంది. రెండుసార్లు మళ్లీ తీశాను, అదే వరస. మా ఫ్రెండ్ చూసి "చేత్తో చేసింది కదా, అచ్చు ఒకేలా ఉంటే మిషన్‌ది అనుకుంటారు" అన్నాడు. నిజంగా అంతేనా, లేక నన్ను ఓదార్చాడా?

చెక్కపొట్టు:
ఓదార్చాడు తమ్ముడూ. గిన్నెకైతే ఆ మాట చెల్లుతుంది, స్టూల్ కాలికి చెల్లదు.

మొదట్లో నేనూ నా ప్రతి తప్పుకీ "హ్యాండ్‌మేడ్" అని పేరు పెట్టేవాణ్ణి. గుండ్రంగా రావాల్సిన పూస (కర్ర చుట్టూ ఉబ్బెత్తుగా చెక్కే వలయం) కోలగా వస్తే అదో ప్రత్యేకత! ఒకసారి ఒకాయన నేను చేసిన కొవ్వొత్తి స్టాండ్ల జత చేతిలోకి తీసుకుని, "ఈ రెండింట్లో నువ్వు చేద్దామనుకున్నది ఏది?" అని అడిగాడు. నోట మాట రాలేదు. నేను ఏదీ అనుకోలేదు, ఉలి ఎటు పోతే అటు పోయాను.

ఇంతకీ కొలత పట్టీ వాడుతున్నావా? సన్నటి చెక్క ముక్క మీద ప్రతి పూస, ప్రతి పల్లం మొదలయ్యే చోట గీత పెట్టు, పక్కనే అక్కడ ఎంత లావుండాలో రాసుకో. గుండ్రంగా చేసిన కర్రకి దాన్ని ఆనించి గీతలు దింపు. కాలిపర్‌ని (లావు కొలిచే రెండు కొనల పరికరం) రాసుకున్న లావుకి పెట్టుకుని, ఆ గీతల దగ్గర పార్టింగ్ టూల్‌తో (సన్నటి గాడి కోసే ఉలి) అది జారేదాకా కోయి. గరుకు కాగితం పనికి కాస్త లావు వదిలిపెట్టు. కాలిపర్ కొనలు మాత్రం ముందే నున్నగా అరగదీసుకో, లేకపోతే తిరిగే కర్రలో ఇరుక్కుని ఎగిరి పడుతుంది. (నా బొటనవేలు సాక్షి.)

ఆ తర్వాత మధ్యలో వంపులు కంటితో చేసుకోవచ్చు. వంపు కాస్త అటూ ఇటూ అయినా మనిషి కంటికి ఆనదు. అంచు ఉన్న చోటు రెండు మిల్లీమీటర్లు జరిగితే మాత్రం వెంటనే పట్టేస్తుంది.

మూడోషిఫ్ట్:
ఇంత తంటా ఎందుకు బ్రదర్, కాపీ అటాచ్‌మెంట్ బిగించుకుంటే పోలా? ఒకటి మంచిగా తీసి పెట్టుకుంటే మిగతావి అదే చూసి కోస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకీల చెక్క భాగాల కోసం నమూనాని తడుముతూ కోసే లేత్‌కి 1819లోనే పేటెంట్ తీసుకున్నాడు.

పచ్చికర్ర:
ఆ అటాచ్‌మెంట్ నా దగ్గర ఉండేదండీ, అమ్మేశాను. దాని బ్లేడు కర్రని గీకుతుంది గానీ ఉలిలా నున్నగా కోయదు. పైన నారలు లేస్తాయి. వాటిని పోగొట్టడానికి గరుకు కాగితం గట్టిగా పట్టాలి, దాంతో అంచులన్నీ మొద్దుబారతాయి. బ్లేడు కొన ఎంత గుండ్రంగా ఉంటే లోపలి మూలలూ అంత గుండ్రం. నాలుగూ ఒకేలా వస్తాయి నిజమే, నాలుగూ సబ్బు ముక్కల్లా వస్తాయి. రెండొందల రెయిలింగ్ కడ్డీలు తీయాలంటే అదే దిక్కు, కాదనను.

ఇంకో మాట. ఒకేలా చేయడం మిషన్ గుణమని ఎందుకనుకుంటారో తెలియదు. ఇంగ్లండ్‌లో చిల్టర్న్ కొండల అడవుల్లో బోడ్జర్లు అనే పనివాళ్లు ఉండేవాళ్లు. కాలితో తొక్కే లేత్ మీద బీచ్ అనే చెట్టు పచ్చి కర్రతో కుర్చీ కాళ్లు తీసి హై వైకోంబ్ కుర్చీల వాళ్లకి అమ్మేవాళ్లు. చేత్తోనే, ఒకే నమూనాలో, కట్టలు కట్టలు. ఒకదాని పక్కన ఒకటి కలిసేలా తీయగలగడమే వాళ్ల పనితనం.

ప్రత్యేకత సంగతి కర్రే చూసుకుంటుంది. ఆరేటప్పుడు కర్ర పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. అడ్డంలో తగ్గుతుంది, అందులోనూ వార్షిక వలయాల వెంబడి తగ్గేది మధ్య నుంచి బయటికి తగ్గేదానికి సుమారు రెట్టింపు. అందుకే పచ్చిగా తీసిన గిన్నె ఆరాక కోలగా అవుతుంది. నేను పచ్చి గిన్నె గోడని వెడల్పులో పదో వంతు మందం వదిలి, అంటే 30 సెంటీమీటర్ల గిన్నెకి 3 సెంటీమీటర్లు, నెలల తరబడి ఆరబెట్టి మళ్లీ లేత్ ఎక్కిస్తాను. ఒకే దుంగని నిలువునా చీల్చి, మధ్య బెండు తీసేసి, రెండు సగాల్లో రెండు గిన్నెలు ఒకే కొలతకి చేశాను. ఒకదాంట్లో కణుపు, రెండోదాంట్లో నున్నటి గీతలు. ఫొటోలో ఒకటి చూసి రెండోది అందుకున్నావిడ మోసం అంది. అప్పట్నుంచి ఇచ్చే గిన్నెనే ఫొటో తీస్తున్నాను.

చెక్కపొట్టు:
కొత్తలేత్ తమ్ముడూ, ఒక్కటి చెప్పు. నాలుగో కాలు దేన్ని చూసి తీశావు?

కొత్తలేత్:
మూడోదాన్ని చూసి. మూడోది రెండోదాన్ని చూసి...

అయ్యో. ఇప్పుడే కొలిచాను. కింది పూస ఒక్కో కాలికీ మిల్లీమీటరు చొప్పున, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పైకి జరుగుతూ వచ్చింది. పక్కపక్కవి చూస్తే తెలియడం లేదు. ఒకటీ నాలుగూ పక్కన పెడితే నాలుగు మిల్లీమీటర్ల తేడా. పాపం నాలుగోదాన్ని అనవసరంగా తిట్టాను.

చెక్కపొట్టు:
అనుకున్నా. ఎప్పుడూ మొదటిదే చూడాలి. ఐదు తీసి, బాగా కలిసిన నాలుగు పెట్టుకో.

కొత్తలేత్:
కర్ర రెండు ముక్కలే మిగిలింది అన్నా.

పచ్చికర్ర:
అయితే ఉన్నవాటితోనే కానివ్వండి. ఒకటీ నాలుగూ ఎదురెదురు మూలల్లో, రెండూ మూడూ మిగతా మూలల్లో పెట్టండి. అప్పుడు ఒకటీ నాలుగూ పక్కపక్కన ఎటు నుంచీ కనిపించవు.

కొత్తలేత్:
పెట్టి చూశానండీ. ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. నేనే అటు వెళ్లినప్పుడల్లా వంగి చూస్తున్నాను.

చెక్కపొట్టు:
కొలత పట్టీ చేసుకున్నావా లేదా?

కొత్తలేత్:
చేశా అన్నా. ఒకటో కాలు చూసి.